సోషియాలజీ చదివితే ఏమొస్తది?



ఇంటర్ అయిపోయి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు అడుగుతున్నరు: "అన్నా, బీఏల సోషియాలజీ తీసుకుంటే ఏమొస్తది?" ఫోన్‌ల చెప్తే ఒడిసేది కాదు. జర పెద్ద పోస్టే, ఓపికతోటి చదవండి.

నాది బచ్చన్నపేట మండలంల ఒక తండా. మా ఇంట్ల డిగ్రీ కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. బాపు బోరు మీద రెండెకరాలు చేస్తడు. నీళ్లు ఎండిన ఏడు యాడిని తీసుకొని హైదరాబాద్‌కు కూలికి పోతడు. నేను హాస్టల్ల ఉండి హిస్టరీ, పాలిటిక్స్, సోషియాలజీ చదువుతున్న. "ఇంజినీర్ చదివితే ఇంజినీర్ అంటరు, నిన్నేమంటరు కొడుకా?" అని బాపు అడుగుతడు. ఒక్క మాటల జవాబు నా దగ్గర లేదు. అందుకే వివరంగ రాస్తున్న.

గిరిజన తెగ అంటే బయటి సమాజానికి దూరంగా బతికేటోళ్లు అని పాఠంల ఉంటది. మా తండా చుట్టు కొండ లేదు, అడవి లేదు. మన బంజారాల పెద్దలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట ఊరూరు తిరిగినోళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చినంక ఆ వ్యాపారం పోయింది. 1871ల తెల్లోళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చి, కొన్నిచోట్ల మనోళ్లను కూడా పుట్టుకతోనే నేరస్తుల జాబితాల రాసిండ్రు. అది రద్దయ్యేసరికి 1952 వచ్చింది. ఇయ్యాల అదే బంజారాలు తెలంగాణల ఎస్టీ, కర్ణాటకల ఎస్సీ, మహారాష్ట్రల విముక్త జాతి. భాష ఒకటే, సేవాలాల్ ఒక్కడే. సరిహద్దు దాటితే కాయితం మారుతది. జాబితా అనేది ప్రభుత్వం రాసేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇది పరీక్ష కోసం చదివే ముచ్చట మాత్రమే కాదు. మా రూముల భూపాలపల్లి దిక్కు కోయ దోస్తు ఉన్నడు. రిజర్వేషన్ల లంబాడోళ్లే ముందుకు పోతున్నరనే గొడవ మీకందరికీ తెల్సిందే. 2011 లెక్కల ప్రకారం తెలంగాణల ఎస్టీలు సుమారు 31.78 లక్షలు, అండ్ల లంబాడీలే 20 లక్షలు దాటుతరు. రోడ్డు పక్క తండాకు బడి ముందు వచ్చింది, అడవి లోపలి గూడేనికి ఆలస్యంగా వచ్చింది. నా దోస్తు చెప్పే బాధ అబద్ధం కాదు. అట్లని మా యాడి నెత్తి మీద ఇసుక తట్ట కూడా దిగలే. మేమిద్దరం ఈ మాట మీద ఇప్పటికీ కొట్లాడుకుంటం, కానీ లెక్కలు ముందు పెట్టుకొని కొట్లాడుకుంటం. ఒకే కంచంల తింటం.

ఇంకోటి, మన గురించి రాసినోళ్లు చాలా వరకు బయటోళ్లే. 1940ల కుమ్రం భీమ్ చనిపోయినంక నిజాం సర్కారు ఆదిలాబాద్ గోండుల సంగతి చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన వియన్నాల పుట్టినోడు. మార్లవాయిల ఉండి పని చేసిండు, మంచి పనే. ఎస్.సి. దూబే శామీర్‌పేట అనే ఒక్క ఊరిని చదివి 1955ల పుస్తకం తెచ్చిండు. ఒక్క ఊరు పుస్తకమైతే మన తండా, మన గూడెం ఎందుకు కావు?

మొన్న ఎండకాలం మా తండాల ఇల్లిల్లు తిరిగి ఎవరెవరు వలస పోయిండ్రో రాసుకున్న. "ఎందుకు పోయిండ్రు" అంటే అందరిదీ ఒకటే మాట, నీళ్లు లేక. గోర్‌బోలిల కూసొని నిమ్మళంగ అడిగితే అసలు ముచ్చట బయటికొచ్చింది: ఎండిపోయిన బోర్ల మీద తెచ్చిన అప్పు, బిడ్డ పెండ్లి అప్పు, దవాఖాన అప్పు. బయటి నుంచి వచ్చి తెలుగుల అడిగెటోళ్లకు మా ఆడోళ్లు ఇంత చెప్పకపోదురు.

మన జనగామ గడ్డ సంగతి కూడా అట్లనే. దొడ్డి కొమురయ్య పేరు అందరికీ తెల్సు. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కొట్లాడిన ధర్మాపురం లంబాడీల గురించి, జాటోతు ఠాణు నాయక్ గురించి మన పిల్లల్ల ఎందరికి తెల్సు? ఉద్యమాల పాఠం చదివినంక మా తాతను అడిగిన. తారీఖులు చెప్పలేదు గని, వాళ్ల నాయిన చెప్పిన వెట్టి బాధలు రెండు గంటలు చెప్పిండు.

ఇగ ఉద్యోగం. ఒట్టి డిగ్రీతోని కుర్చీ వేసి పిలువరు, ఉన్నమాట చెప్తున్న. గ్రూప్-2 రెండో పేపర్ల సమాజ నిర్మాణం, సమస్యలు ఉంటయి. సివిల్స్‌ల సోషియాలజీ ఆప్షనల్ 500 మార్కులకు. సీపీగెట్ రాసి ఎంఏకు గని, సోషల్ వర్క్‌కు గని పోవచ్చు. ఇంటికి తొందరగ జీతం కావాల్సినోళ్లు ఆలోచించుకొని పెట్టుండ్రి, ఎవరి అవసరం వాళ్లది. తీసుకునేటోళ్లు మాత్రం "సీటు మిగిలింది" అని తీసుకోవద్దు.

నా ఫస్టియర్ నోట్సు తెలుగులనే ఉన్నయి. కావాల్సినోళ్లు కామెంట్ పెట్టుండ్రి, ఫొటోలు తీసి పంపుత. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తండాలనో గూడెంలనో ఒక్క పెద్దమనిషితోటి కూసొని, ఆయన చెప్పింది రాసి ఇక్కడ పెట్టుండ్రి.