ఎండా వానా తట్టుకునే కుర్చీ

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఎండలు ముదిరి, పొద్దు వాలగానే ఇంటిల్లిపాదీ డాబా మీదికి చేరే రోజులివి. మేడ మీదా, పెరట్లోనూ వేసుకోవడానికి ఏ కుర్చీలు మంచివని మీలో చాలామంది అడుగుతున్నారు. టేకా, ఇనుమా, ప్లాస్టిక్కా? నా జవాబు ముందే చెప్పేస్తాను. కుర్చీ దేనితో చేశారన్నది సగం సంగతే. దాని మీద ఏ పూత ఉంది, ఆ పూత పోయాక మన ఊళ్లోనే మళ్లీ వేయించుకోగలమా అన్నది మిగతా సగం. కొట్టులో ఆ రెండో సగాన్ని కూడా అడగండి.

ముందు కర్ర సంగతి. టేకు చేవలో సహజంగానే నూనెలుంటాయి. చెదలూ బూజూ అంత తేలిగ్గా పట్టకపోవడానికి అవే కారణం. అయితే ఆ బలమంతా చేవది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు అది లేదు. లేత చెట్టును కొట్టి కోయిస్తే తెల్లచెక్క పాలు ఎక్కువ. అందుకే పాలిష్ పట్టకముందే చెక్కను చూసి తీసుకోండి. ముదురు రంగు పక్కన పాలిపోయిన పట్టీలు కనిపిస్తే ఆ ముక్కను ఆరుబయటికి వాడవద్దని వడ్రంగికి చెప్పండి.

ఇంట్లో సోఫాకు అందమిచ్చే మెలమైన్ పాలిష్ బయటి బల్లకు పనికిరాదు. వానకు కర్ర ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. పైన అద్దంలా గట్టిపడిన పొర ఆ కదలికకు తట్టుకోలేక చిట్లుతుంది. ఆ పగుళ్లలోంచి దిగిన నీరు త్వరగా బయటికి రాలేదు. కొన్నాళ్లకు నల్ల మరకలు పడతాయి. అప్పుడు పాత పొర మొత్తం గీకి తీయక తప్పదు. దాని బదులు టేకు నూనె పట్టించండి. నూనె కర్రలోకి ఇంకుతుంది కాబట్టి పెచ్చులూడే బాధ లేదు. రంగు తగ్గినప్పుడు కడిగి, ఆరబెట్టి, సన్న ఎమెరీ కాగితంతో రుద్ది మరో చేయి వేస్తే చాలు. ఏమీ పూయకుండా వదిలేసినా మంచి టేకు చెడిపోదు, పైపైన వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. అవిసె నూనె కలిసిన పూతలను తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

కర్ర కుర్చీ మొదట చెడేది కాళ్ల అడుగున. అడ్డంగా కోసిన చోట కర్ర నీళ్లను పీల్చుకుంటుంది. చెక్కలో తేమ ఇరవై శాతం దాటి అలాగే నిలిస్తే బూజు తినడం మొదలవుతుంది. కాళ్ల అడుగున నూనె పట్టినంత పట్టించి, రబ్బరు బుష్‌లు తొడిగించండి.

ఇనుముకు పూతే ప్రాణం. తుప్పు పూర్తిగా గీకి, రెడాక్సైడ్ వేసి, ఆరాక రెండు చేతులు ఎనామిల్ పెయింటు వేయడం పాత పద్ధతి. ఇప్పటికీ మంచి పద్ధతే, ఎందుకంటే ఎవరి ఇంట్లో వాళ్లే వేసుకోవచ్చు. పౌడర్ కోటింగ్ దీనికన్నా గట్టిది. పొడిని విద్యుత్తుతో లోహానికి అంటించి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అందులో ఎండకు నిలిచేది పాలియెస్టర్ పొడి. ఎపాక్సీ పొడి వెలిసిపోయి సుద్దలా రాలుతుంది. ఏ పొడి వాడారో అడగండి. జి.ఐ. పైపుకు ఉన్న జింకు పొర వెల్డింగు చేసిన చోట కాలిపోతుంది. అక్కడ జింకు పెయింటు వేశారో లేదో చూడండి. పైపు చివరలు తెరిచి ఉంటే నీరు లోపలికి దిగి, పైకి కనబడకుండానే తినేస్తుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లకు మరో మాట. ఉప్పు గాలికి స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా మరకలు పడతాయి. మామూలుగా దొరికే 304 రకంలో క్రోమియం, నికెల్ ఉంటాయి. 316 రకంలో వాటితోపాటు రెండు మూడు శాతం మాలిబ్డినం కూడా ఉంటుంది, ఉప్పును తట్టుకునేది అందుకే. ఏ రకమైనా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి. పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం కూడా సముద్రతీరానికి మంచి ఎంపికే.

ఇక మనందరి ఇళ్లలోనూ ఉన్న ప్లాస్టిక్ కుర్చీ. ఒకే అచ్చులో పోసిన ఈ కుర్చీని 1972లో ఫ్రాన్సులో ఆన్రీ మసోనే రూపొందించిన నమూనా ప్రపంచమంతా వ్యాప్తిలోకి తెచ్చింది. ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని పెళుసు చేస్తాయి. వాటిని తట్టుకునే మందును తయారీలోనే కలపాలి, తర్వాత పూసుకునే వీలు లేదు. చేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుతోందా? కాళ్ల దగ్గర సన్న గీతలు పడ్డాయా? ఇక ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకండి. ముఖ్యంగా పెద్దవాళ్లను. కాలు విరిగిన కుర్చీ వాళ్ల తుంటి ఎముకకు ముప్పు తెస్తుంది.

పేము కుర్చీలు వసారా నీడకే పరిమితం. ఇక కూర్చోవడానికి కడప బండ, తాండూరు బండ పరిచిన అరుగులకు పూత అక్కరలేదు కానీ, ఆ బండలు సున్నపురాళ్లు. నిమ్మరసం ఒలికినా, యాసిడ్‌తో కడిగినా మెరుపు పోతుంది. గ్రానైటుకు ఆ భయం తక్కువ. నల్లరాయి ఏదైనా మిట్టమధ్యాహ్నం కాలుతుంది కాబట్టి చెట్టు నీడన వేయించండి.

మన నులక మంచాన్ని చూడండి. నులక పాడైతే మంచం పారేయరు, మళ్లీ అల్లిస్తారు. బయట వేసే ప్రతి వస్తువునూ ఆ లెక్కతోనే కొనాలని నా గట్టి నమ్మకం. ఖరీదైన పూత మీద కన్నా, మీరే తిరిగి వేసుకోగల పూత మీద డబ్బు పెట్టండి.

జూన్‌లో వానలు దిగుతాయి. అంతకుముందే ఒక ఆదివారం కేటాయించి మీ ఇంటి కుర్చీలను తిరగేసి కాళ్లూ, అతుకులూ చూడండి. చూశాక ఏం కనిపించిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి