ఇంకా కట్టబడుచున్న లోకము



మా బుచ్చిరెడ్డిపాలెం సంఘములో ఒక యౌవనస్థుడున్నాడు. కంప్యూటరు ఉద్యోగము చేయుచు నెలలో కొన్ని దినములు ఇంటినుండియే పని చేయును. తండ్రి పొలము కౌలుకు తీసుకొని వరి పండించు కష్టజీవి. ఆయన ఒకనాడు ఆరాధన తరువాత మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, మావోడు రాత్రి రెండు దాకా ఆ పెట్టె ముందర కూర్చోని ఆకాశంలో ఓడలు నడుపుతా ఉండాడు. దుడ్లు కూడా పోస్తా ఉండాడు. మీరన్నా చెప్పండి" అనెను. అప్పటికే ఆ యింటిలో తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుండి అన్నము తినుట మానిరి.

సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చుట మూఢత యని సామెతల గ్రంథము నేర్పుచున్నది (18:13). కనుక మేము గద్దించుటకు పోలేదు. "నాయనా, మాకును నేర్పించు" అని నాలుగు సోమవారములు సాయంకాలమున అతనితో కూర్చుంటిమి.

ఆ ఆట పేరు స్టార్ సిటిజన్. 1990లో వింగ్ కమాండర్ అను ఆటను చేసిన క్రిస్ రాబర్ట్స్ దీనిని 2012 అక్టోబరులో ప్రకటించి, ప్రజలనే సొమ్ము అడిగెను. 2014 నాటికి ఆట చేతికి వచ్చునని ఆశ చూపిరి. సొమ్ము మాత్రము వచ్చుచునే యుండి, 2024 నాటికి 70 కోట్ల డాలర్లు దాటెను. ఆట ఇంకను పూర్తికాలేదు. నూరు నక్షత్ర వ్యవస్థలని మొదట చెప్పిరి గాని, రెండవ దానిని చేర్చుటకే 2024 డిసెంబరు వరకు పట్టెను.

దానిలో మనము ఒక గదిలో మంచము మీద మేల్కొందుము. లిఫ్టు ఎక్కి, ఓడయున్న చోటికి వెళ్లి, అనుమతి అడిగి పైకి లేవవలెను. క్రింద నేల చిన్నదై, నీలము నలుపై, నక్షత్రములు కనబడును. శ్రీహరికోటలో రాకెట్టు లేచునపుడు మిద్దెలెక్కి చూచు మా ప్రాంతపు వారికి ఆ ఆనందము క్రొత్తది కాదు. ఒకసారి లిఫ్టు తలుపు తెరచుకొనెను గాని లోపల లిఫ్టు లేదు. మరియొకసారి మేము మోసిన సరుకు పెట్టెను నేల మ్రింగెను. ఆ అబ్బాయి నవ్వి, "ఇంకా కడతా ఉండారయ్యా" అనెను. మూడవ సోమవారము ఇంధనము అయిపోయి నడి ఆకాశములో నిలిచిపోతిమి. ఎవరో పరదేశి తన ఓడతో వచ్చి ఇంధనము పోసి, ఏమియు అడుగక వెళ్లిపోయెను. మంచి సమరయుడు అక్కడను ఉన్నాడని సంతోషించితిమి.

అయితే అసలు చిక్కు డబ్బులో ఉన్నది. ప్రవేశమునకు సుమారు 45 డాలర్లు చాలును. పెద్ద ఓడలు వందల డాలర్లు. కొన్నిటిని తయారు కాకముందే బొమ్మ చూపి అమ్ముదురు. మనవాడు అట్టిదొకటి కొనదలచెను. దాని వెల, తండ్రి ఎకరమునకు పెట్టు పెట్టుబడి అంత.

ముగ్గురము కలిసి లూకా 14:28-30 చదివితిమి. గోపురము కట్టగోరువాడు ముందుగా లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన మాట. తండ్రి, "అదేనయ్యా నేను చెప్పేది" అనెను. కొడుకు, "పూర్తికాని పనికి ఎవరూ ఇవ్వకపోతే ఏ పనీ పూర్తికాదు గదయ్యా" అనెను. ఆ మాట త్రోసివేయదగినది కాదు. 1840లో సామ్యూల్ డే దొర నెల్లూరుకు వచ్చెను. ఏండ్ల తరబడి ఫలము కొద్దియే. ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో చర్చించిరి. ఒంటి నక్షత్రమని దానికి పేరు వచ్చెను. అయినను ఇచ్చువారు ఇచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అయితే తేడా కలదు. ఆ దాతలు తమకొక ఓడ కావలెనని ఇయ్యలేదు. తాము ఎన్నడును చూడబోని జనుల కొరకు ఇచ్చిరి. మేము ఆ అబ్బాయిని అడిగినది ఒక్కటే: "ఈ ఓడ ఎప్పటికీ తయారు కాకపోయినను, ఇచ్చినందుకు నీకు సంతోషముండునా?" అతడు చాలసేపు ఊరకుండి, "ఉండదయ్యా" అనెను. ఓడ కొనలేదు. ఆట మానలేదు.

నాలుగవ సోమవారము తండ్రి కూడ వచ్చి కూర్చుండెను. సరుకు ఒకచోట కొని మరియొకచోట అమ్ముట చూచి, "ఆడ రేటు పడిపోతే?" అని అడిగెను. "నష్టమే నాయనా" అనెను కొడుకు. "మన వడ్ల మాదిరే" అని ఆయన నవ్వెను. ఆ యింటిలో మాటలు మరల మొదలైనవి.

తలిదండ్రులారా, పిల్లల ఆటను తిట్టకముందు ఒక గంట వారి ప్రక్కను కూర్చుండుడి. యౌవనస్థులారా, నిద్రకును ప్రార్థనకును చెందిన గడియలను ఆటకు ఇయ్యకుడి. వెల ఇచ్చుటకు ముందు ఇంటివారితో లెక్క చూచుకొనుడి. మనమును ఇంకా కట్టబడుచున్నవారమే. అయితే మనలో పని ఆరంభించినవాడు దానిని ముగించును (ఫిలిప్పీ 1:6). ఆయన మనయొద్ద మరల మరల వెల అడుగడు. వెల తానే చెల్లించెను. ఆమేన్.