వరద వేరు, భూకంపము వేరు



2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం ఏడున్నర కావస్తున్నది. వసారాలో కూర్చొని టీ తాగుచుండగా కుర్చీ కదిలింది. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. నా భార్య పిల్లలను పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తింది. అంతా కొద్ది క్షణాలే. ఖమ్మం జిల్లాలోని మా పల్లెలో ఎవరికీ ఏ హాని జరుగలేదు. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపము వచ్చినదని తరువాత తెలిసింది.

ఆ ఆదివారం ఆరాధనలో నేను ఆవేశంగా మాట్లాడాను. "ఆగస్టు 31న అదే ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలివానకు వేలాది చెట్లు కూలినవి. మరునాడు మున్నేరు పొంగి ఇండ్లను ముంచింది. ఇప్పుడు భూమి వణికింది. మన పాపము వలన ఎండలు ముదిరినవి, వానలు దారి తప్పినవి, చివరకు భూమి కూడా ఓర్వలేకపోయింది" అన్నాను. చాలామంది తలలూపారు.

ఆరాధన ముగిసిన తరువాత ఒక విధవరాలు నా దగ్గరకు వచ్చింది. కూలి చేసి ఇద్దరు పిల్లలను పెంచుకొనుచున్న సహోదరి. "అయ్యగారూ, వరదలో నా బియ్యం పోయాయి, గోడ కూలింది, పిల్లల పుస్తకాలు కొట్టుకుపోయాయి. నేనేం పాపం చేశానయ్యా?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు మా సంఘపెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన బడిలో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. "మాస్టారూ, నేను చెప్పింది తప్పా?" అన్నాను.

ఆయన నెమ్మదిగా అన్నారు: "అయ్యగారూ, ఈ భూకంపము 40 కిలోమీటర్ల లోతున పుట్టినదని జాతీయ భూకంప కేంద్రం తెలిపింది. చెట్టు వేరు ఎంత లోతు పోతుంది? ఎండ వేడి ఎంత లోతు దిగుతుంది? మన దేశమున్న భూఫలకం ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను నెడుతోంది. ఆ ఒత్తిడి గోదావరి లోయలోని పాత పగుళ్ల మీద కూడా పడుతుంది. 1969లో భద్రాచలం దగ్గర భూమి కంపించినప్పుడు వాతావరణ మార్పు అనే మాటే మనం వినలేదు గదా!"

"అయితే రెండింటికీ ఏ సంబంధమూ లేదా?"

"కొంచెం ఉంది. వేల ఏండ్ల క్రితం మంచుయుగం ముగిసి ఉత్తర ఐరోపాలో గొప్ప మంచు దుప్పటి కరిగినప్పుడు, బరువు తగ్గిన నేల పైకి లేచి పెద్ద భూకంపాలు వచ్చాయి. 1967లో మహారాష్ట్రలోని కోయినాలో జలాశయపు నీరే భూకంపాన్ని రేపిందంటారు. కాని ఒత్తిడి ముందే ఉండాలి. అంచుదాకా నిండిన కుండను చిటికెనవేలు తాకినా తొణుకుతుంది. కుండను నింపింది మాత్రం ఆ వేలు కాదు. వాన సంగతి వేరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది. అందుకే కుండపోత వానలు ఇంకా ముదురుతున్నాయి. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు పొగకు అందులో పాలున్నది."

నాకు ఆ సహోదరి ముఖం గుర్తుకు వచ్చింది. ఆమెకు కారు లేదు, ఏసీ లేదు. వేరే చోటు లేకనే ఏటి దగ్గర గోడలు కట్టుకున్నది. పొగ ఎక్కువగా వదిలినవారు మేడల మీద ఉన్నారు, నీళ్లు ఆమె ఇంట్లోకి వచ్చినవి. అది చాలదన్నట్లు నేను నేరము కూడా ఆమె తలమీదనే మోపాను.

తరువాతి ఆదివారం సంఘము ఎదుట నా మాటను సరిదిద్దుకున్నాను. సిలోయములో గోపురము కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు మిగిలినవారికంటె పాపులని తలంచవద్దని మన ప్రభువే నేర్పెను. ఆ వాక్యము ఎన్నోసార్లు ప్రసంగించిన నేను అవసరమైన రోజున దానిని మరచితిని.

ప్రియులారా, భూకంపము మన చేతిలో లేదు. గోడ మన చేతిలో ఉన్నది. 1993లో మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో తెల్లవారుజామున దాదాపు పదివేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రలో ఉన్నవారి మీద కూలినవి. కనుక ఇల్లు కట్టునప్పుడు గోడలను కలిపి పట్టే బెల్టు పోయించండి. వరదలోనైతే మనుష్యుల చేయి కూడా ఉన్నది. వాగు దారిని ఆక్రమించకండి, చెరువును పూడ్చకండి, చెట్టును నిలపండి. ఏదెను తోటను కాయుమని దేవుడు మనుష్యునికి అప్పగించిన పని ఇంకా ముగియలేదు.

మా యౌవనస్థులు చందా వేసుకొని ఆ సహోదరి ఇంటికి మూడడుగుల ఎత్తు పునాది కట్టారు. పని ముగిసిన సాయంత్రం ఆమె అందరికీ టీ కాచి పోసింది. నాకు గ్లాసు అందిస్తూ, "అయ్యగారూ, ఈసారి వానలకు నిద్ర పడుతుందేమో" అన్నది.

ఆ నిద్ర ఆమెకు కలుగునట్లు మీరును ప్రార్థించండి.