కుట్లు మానాక ఎవరు చూస్తారు?

థైరాయిడ్ గ్రంథి మొత్తం తీయించుకోవడానికి ఇంగ్లండ్ నుంచి హైదరాబాద్ వెళ్ళడంలో నాకిప్పటికీ తప్పు కనిపించదు. అమ్మ పక్కన ఉంటుంది, డాక్టరుతో తెలుగులో చెప్పుకోవచ్చు. తిరిగొచ్చాక నన్ను ఎవరు చూస్తారో కనుక్కోకుండా వెళ్ళాను. అదీ నా తప్పు.

సర్జన్ గారు అన్నీ చెప్పారు. 6 నుంచి 8 వారాల్లో థైరాయిడ్ మాత్ర మోతాదు సరిపోతోందో చూసే టీఎస్‌హెచ్ పరీక్ష, కాల్షియం మీద కన్ను, బయాప్సీ రిపోర్టుతో ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి. "అక్కడా మంచి డాక్టర్లుంటారు కదమ్మా, చూపించుకోండి" అన్నారు. సరేనన్నాను. మన దగ్గరలాగే ఫీజు కట్టి నేరుగా స్పెషలిస్టును కలవొచ్చనే అనుకున్నాను. ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ముందు జీపీ, అంటే మన పేరు నమోదైన స్థానిక డాక్టరు, చూడాలి, రెఫరల్ రాయాలి, ఆ తర్వాత వరసలో ఆగాలి. నేనేమో ఇల్లు మారాక కొత్త జీపీ దగ్గర పేరు కూడా నమోదు చేయించుకోలేదు. వీసాతోపాటు హెల్త్ సర్‌ఛార్జి కట్టాం కాబట్టి అన్నీ ఉన్నట్టేననే ధీమా.

మొదట దెబ్బతీసింది కాల్షియం. థైరాయిడ్ వెనక అంటుకుని పారాథైరాయిడ్లనే చిన్న గ్రంథులుంటాయి. రక్తంలో కాల్షియాన్ని నిలిపేవి అవే. ఆపరేషన్‌లో వాటికి రక్తం సరిగా అందకపోతే కాల్షియం పడిపోతుంది. తెచ్చుకున్న మాత్రలు అడుగంటుతుంటే, రోజుకు మూడు వేసుకోవలసినవి ఒకటికి దించి పొదుపు చేశాను. ఒక సాయంత్రం పోపు వేస్తుంటే పెదవుల చుట్టూ చీమలు పాకినట్టనిపించింది, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. కాసేపటికి చెయ్యి కొంకర్లు పోయి, పట్టుకున్న గరిటె వదలడం చేతకాలేదు. ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కి ఫోన్ చేస్తే ఎమర్జెన్సీకి వెళ్ళమన్నారు. అక్కడ నరానికి కాల్షియం ఎక్కిస్తూ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: పారాథైరాయిడ్లు ఎన్ని మిగిల్చారు? నా దగ్గరున్న డిశ్చార్జి సమ్మరీలో ఆ ముక్కే లేదు.

హైదరాబాద్ ప్రిస్క్రిప్షన్ ఇక్కడి మందుల షాపులో చెల్లదు. గ్రంథి లేని లోటు తీర్చే థైరాక్సిన్‌ను అక్కడ 112 మైక్రోగ్రాముల ఒకే మాత్రగా వేసుకునేదాన్ని. ఇక్కడ మామూలుగా ఇచ్చేవి 25, 50, 100. వాట్సాప్‌లో అడిగితే సర్జన్ గారు ఓపిగ్గా జవాబు ఇచ్చేవారు. కానీ ఇక్కడి ల్యాబుకు పరీక్ష రాయలేరు, ఇక్కడి షాపుకు మందు రాయలేరు. ఫోనులో ఆయనున్నారన్న ధైర్యంతోనే విలువైన వారాలు పోగొట్టుకున్నాను.

బయాప్సీలో పాపిల్లరీ క్యాన్సర్ అని తేలింది. రిపోర్టు కాగితం చాలదు, స్లైడ్లు మేమే చూడాలి అన్నారు ఇక్కడి వైద్య బృందం. నా అనుమతి పత్రం పట్టుకుని తమ్ముడు ల్యాబుకు వెళ్ళాడు. "అక్కా, బ్లాకులు కూడా అడగనా?" అన్నాడు. నాకు తట్టనే లేదు. బ్లాకంటే రెండు వేళ్ళ వెడల్పు ప్లాస్టిక్ చట్రంలో తెల్లటి మైనం, అందులో బిగించిన నా గడ్డ ముక్క. అవసరమైతే కొత్త స్లైడ్లు దాన్నుంచే కోస్తారు. చట్రం మీది నంబరూ రిపోర్టు మీది నంబరూ ఒకటేనని వీడియో కాల్‌లో చూపించాకే వాడు ప్యాక్ చేయించాడు.

ఇప్పుడెవరైనా ఆపరేషన్‌కి ఇండియా వెళ్తున్నామంటే, మీ జీపీకి చెప్పారా అని అడుగుతాను. ముందే చెబితే తిరిగొచ్చిన వారంలోనే రక్తపరీక్ష, వెంటనే రెఫరల్ అడగొచ్చు. ఆసుపత్రి వదిలేలోపు ఆపరేషన్ నోట్సు, జెనెరిక్ పేర్లతో మందుల జాబితా, జీపీ పేరిట ఉత్తరం రాయించుకోండి. క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే థైరోగ్లోబులిన్ రక్తపరీక్ష మాత్రం ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు పద్ధతిని బట్టి అంకె మారుతుంది. వేర్వేరు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకుని, క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని నేను ఎన్నో రాత్రులు నిద్రపోలేదు.

ఇంకొకటి. జీవితాంతం థైరాక్సిన్ వాడాల్సినవాళ్ళకు ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ప్రిస్క్రిప్షన్ మందులన్నీ ఉచితం. జీపీ ద్వారా ఎఫ్‌పీ92ఏ ఫారం పెడితే 5 ఏళ్ళు చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. మందుల షాపు కౌంటరులోని అమ్మాయి చెప్పేదాకా నాకిది తెలియక, ప్రతిసారీ డబ్బు కడుతూ వచ్చాను.