కాఫీ హోటళ్ళలో మన తెలుగు

బెంగుళూరు నగరమును గురించి వ్రాయువారు లాల్‌బాగునో, విధానసౌధమునో, ఇచ్చటి చల్లని గాలినో ముందుగా స్మరింతురు. మేము వ్రాయబూనినది అంతకంటె చిన్న విషయము. 40 సంవత్సరములకు దగ్గరగా గుమాస్తా పనిచేసి విశ్రాంతి తీసికొన్న మాకు ఈ నగరమును నిజముగా చూపినవి కాఫీ హోటళ్ళు. ఏ పేటలో ఎవరు కాపురముందురో, ఎవరి పలుకుబడి యెట్టిదో, ఎవరు ఎవరితో కలసి కూర్చుందురో, ఇదంతయు మేము తెలిసికొన్నది టిఫిను బల్లలయొద్దనే.

మా పూర్వులు నేతపని చేబట్టి అనంతపురము సీమనుండి వచ్చి ఇచ్చటి పాతపేటలో స్థిరపడిరి. మేము ఈ ఊర పుట్టిన నాలుగవ తరమువారము. మా చిన్నతనమున హోటలులో తినుట మా యింట మర్యాద కాదు. ఎవరు వండిరో, ఎవరి ప్రక్కన కూర్చుంటివో యని మా అవ్వ గద్దించెడిది. ఆమె మాటకు ముందటి కాలపు వాసన కలదు. ఒకప్పుడు దక్షిణదేశమందు అనేక హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరు గది, ఇతరులకు వేరు గది యుండెడివి. కొందరికి లోనికి ప్రవేశమే లేకుండెడిది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, హోటళ్ళలోను దుకాణములలోను కులమతములను బట్టి ఎవరిని అడ్డగింపరాదని 15వ అధికరణమున శాసించినది. ఆ శాసనము ప్రతిదినమును ఆచరణలోనికి వచ్చుట మేము చూచినది హోటలు రద్దీలోనే. ఖాళీ కుర్చీ దొరికినచోట కూర్చుండవలసినవాడు ప్రక్కవాని కులమడుగుచు నిలుచుండడు గదా!

ఈ ఊర పేరుపడిన హోటళ్ళు అనేకములు కలవు. మావళ్ళి టిఫిన్ రూమ్సును మయ్య సోదరులు 1924లో స్థాపించిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బియ్యము కరవై రవ్వతో ఇడ్లీ చేయగా, అదియే రవ్వ ఇడ్లీకి పుట్టుక యైనదని ఆ హోటలువారు చెప్పుదురు. శంకరపురమున 1965లో వెలసిన బ్రాహ్మిన్స్ కాఫీ బారులో సాంబారు లేదు. ఇడ్లీ, వడలకు చట్నీ యొక్కటే, దానినే అడిగినకొలది పోయుదురు. బసవనగుడి గాంధీబజారున 1943నాటి విద్యార్థి భవన్ కలదు. అచ్చట సప్లయరు దోసె పళ్ళెములను ఒంటిచేతిమీద వరుసగా పేర్చుకొని జనము నడుమ నడచి వచ్చుట చూడవలసినదే.

ఆ విద్యార్థి భవన్ గోడలమీద కన్నడ సాహిత్యకారుల చిత్రములు కలవు. దోసెకై వేచియున్నప్పుడెల్ల మేము వానిని చూచుచు ఒక సంగతి తలపోయుచుందుము. కన్నడమునకు 1973లో జ్ఞానపీఠము తెచ్చిన బేంద్రేగారి ఇంటిభాష మరాఠీ. 1983లో తెచ్చిన మాస్తిగారి ఇంటిభాష తమిళము. ఇంట నొక భాష, వీథిలో నొక భాష గలవారు ఏ భాషకును తక్కువవారు కారని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? అయినను ఇంటిభాష దానంతటది నిలువదు. దానికిని కూర్చుండ నొక చోటు కావలెను.

మాకట్టి చోటు బళేపేటలోని ఒక చిన్న ఉడిపి హోటలున దొరకినది. ఇచ్చటి హోటళ్ళలో ‘బైటూ కాఫీ’ యని యొక ఆచారము కలదు. ఒక కాఫీని రెండు గ్లాసులలో పంచి యిత్తురు. స్వల్పజీతగాండ్రకు అది ఆదా. స్నేహితులకు అది మరికొంతసేపు కూర్చుండుటకు నెపము. ఉద్యోగమున చేరిన కొత్తలో, శనివారము సాయంకాలము మేము నలుగురము అచ్చట కలిసెడివారము. ఒకరిది కోలారు సీమ, ఒకరిది హోసూరు, ఒకరిది బళ్ళారి, మేము పేటవారము. నలుగురిదియు తెలుగే యైనను ఒక్కొక్కరి యాస ఒక్కొక్క విధము. ఒకరి మాటకు మరియొకరు నవ్వెడివారు, మరునాడు ఆ మాటనే వాడెడివారు.

మేము కన్నడమున చదివి మెట్రిక్కు ప్యాసైనవారము. తెలుగు మాటలాడుటయే గాని చదువుట యెరుగము. బళ్ళారి మిత్రుడు ఒక తెలుగు వారపత్రిక తెచ్చి, ఖాళీ కాఫీ గ్లాసులను ప్రక్కకు జరిపి, బల్లమీద పరచెడివాడు. కన్నడ లిపి తెలిసినవానికి తెలుగు లిపి సగము తెలిసినట్లే. తలకట్టు తీరు, కొన్ని అక్షరముల భేదము పట్టుబడిన చాలును. నాలుగైదు శనివారములలో మేము కథలు చదువగలిగితిమి. నేడీ వ్యాసమును తెలుగున వ్రాయుచున్నామన్న, అది ఆ బల్లయొద్ద పడిన అక్షరముల ఫలమే. ఆ నలుగురిలో ఇరువురు నేడు లేరు. ఒకరు కొడుకువెంట పరదేశము చేరిరి. హోటలున్న చోట బట్టల అంగడి వెలసినది.

1980ల తొలినాళ్ళనుండి ‘దర్శిని’ హోటళ్ళు ప్రబలినవి. డబ్బు చెల్లించి, చీటీ చూపి, పళ్ళెము మనమే తెచ్చుకొని, నిలువుబల్లయొద్ద నిలుచుండి తినవలెను. శుభ్రము, వేగము, చవుక ధర, ఈ మూడును అచ్చట కలవు. పనికి పరుగెత్తు లక్షలాది జనమునకు అవి చేసిన ఉపకారమును మేము కాదనము. కాని నిలుచున్నవాడు తినును, పోవును; అతని మాట పళ్ళెముతోనే ముగియును. కూర్చున్నవాడే కథ చెప్పును. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, పనివారు సహకార సంఘములుగా ఏర్పడి వానిని తామే నడుపసాగిరి. అట్టి ఇండియా కాఫీ హౌసు ఇచ్చట 2009లో మహాత్మాగాంధి రోడ్డునుండి చర్చి స్ట్రీటునకు తరలినది. అది తరలిననాడు పాత గిరాకీలు ఎంతో బాధపడిరి. వారు చింతించినది కాఫీకొరకు కాదనియు, కూర్చున్న చోటుకొరకనియు మా నమ్మకము.

ఇక ఆంధ్ర భోజనశాలల సంగతి. 1984లో రెసిడెన్సీ రోడ్డున నాగార్జున వెలసినది. పిమ్మట అరటియాకు, పప్పు, పొడి, గోంగూర పచ్చడి ఈ నగరవాసులందరికిని పరిచయమైనవి. అట్టి యొక హోటలునకు ఇటీవల మా మనుమని తోడుకొని పోతిమి. వానికి పదియేండ్లు. ఆకు వేయుచుండగనే వాడు, “తాతా, ఈ పొద్దు నేను తిండి తినలేదు, బిరీన పెట్టమను” అన్నాడు. నెల్లూరునుండి వచ్చిన సప్లయరు కుఱ్ఱవాడు నవ్వి, “తిండి ఏంది బాబూ, టిఫిను అనాల. మీదేవూరు సార్?” అని అడిగినాడు. “ఈ ఊరే నాయనా, నాలుగు తరాలుగా” అంటిమి. “మరి తెలుగెట్లా వచ్చింది?” అని అతడు ఆశ్చర్యపడినాడు.

కన్నడిగులు ఉదయపు ఫలహారమును ‘తిండి’ యందురు. మేమును అట్లే యందుము. ఆంధ్రదేశపు చుట్టములకు ఆ మాట మోటుగా తోచును. “టిఫిను దొరలభాష నాయనా. తిండి మీకూ ఉంది, ఇక్కడివాళ్ళకూ ఉంది” అంటిమి. “అదీ నిజమే సార్” అని అతడు మా మనుమని ఆకులో మరికొంత నెయ్యి వడ్డించినాడు. ఇల్లు చేరిన పిమ్మట మనుమడు ‘తిండి’ యని కన్నడమున వ్రాసి తెచ్చి, “తెలుగులో ఎట్లా రాస్తారు?” అని అడిగినాడు. దానిక్రిందనే తెలుగున వ్రాసి చూపితిమి. వాడు రెంటిని పోల్చి చూచి, “ఇంతేనా!” అన్నాడు. నాటినుండి దినమునకొక మాట అడుగుచున్నాడు.

కావున పరస్థలములందు స్థిరపడిన మన కుటుంబములవారికి మా మనవి యిది. హోటలులో సర్వరును ఆ ఊరి భాషలోనే పిలువుడు. మనకు అన్నము పెట్టిన ఊరికి అది మనము చేయు మర్యాద. బల్లచుట్టు కూర్చున్న మన పిల్లలతో మాత్రము తెలుగున మాటలాడుడు. మన యాసకు ఎవరైన నవ్విన నవ్వనిండు. నెలకొక ఆదివారము కుర్చీలుగల హోటలు నొకదానిని చూచుకొని, రెండు మూడు కుటుంబములు కలసి పొండు. పోవునప్పుడు ఈ సంచికవంటిదేదైన చేతపట్టుకొని పొండు. కాఫీ వచ్చులోపల పిల్లలచేత నాలుగు పంక్తులు చదివింపుడు. బైటూ కాఫీకి పట్టు సమయము అందులకు చాలును.