ఒత్తి ముట్టించని వారి దీపావళి

దీపావళి అన్న పేరులో చప్పుడు లేదు. దీపాల వరుస అని మాత్రమే ఆ మాటకు అర్థం. కోస్తా జిల్లాల్లో ఆ సాయంత్రం చేసే మొదటి పనిలోనూ చప్పుడు లేదు. గోగుకాడలకు నూనెలో తడిపిన గుడ్డపీలికలు చుట్టి, వెలిగించి, పిల్లల చేత గుమ్మం ముందు తిప్పించి నేలకు కొట్టిస్తారు. దివిటీలు కొట్టడమంటారు దానిని. ఆపైన కాళ్ళు కడుక్కుని, నోట్లో ఇంత తీపి వేసుకున్నాకే మతాబుల జోలికి వెళ్ళనిస్తారు. మతాబు, కాకరపువ్వొత్తి, చిచ్చుబుడ్డి, భూచక్రం, విష్ణుచక్రం. మన బాణసంచా పేర్లలో చాలా భాగం వెలుగుకు సంబంధించినవే. మిగిలినవి టపాకాయలు, బాంబులు. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించి, వాటిని కాల్చని వారి గురించి.

ఈ విషయం మీద నాకు ధ్యాస కలిగించినవాడు మా ఇంటి భీముడు. ఆ పేరు పిల్లలు పెట్టినది. నాలుగుకాళ్ళ ప్రాణి. గేటు దగ్గర కొత్త మనిషి అలికిడైతే పేరుకు తగినట్టే ఉంటాడు. దీపావళికి వారం రోజుల ముందు, అంగళ్ళలో సరుకు దిగిన నాటినుంచీ ఆ భీమత్వం కాస్తా సడలుతుంది. పండుగనాటి సాయంత్రానికి మంచం కింద, రెండు గోడలు కలిసే మూలకు చేరి, తోక కడుపు కిందికి ముడుచుకుని పడుకుంటాడు. పెరుగన్నం ముట్టడు. పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పుతాడు. నోటినుండి చొంగ కారుతుంది. నిద్ర రాకున్నా ఆవులిస్తాడు, ఊరికే పెదవులు నాక్కుంటాడు. ఇవన్నీ కుక్కలలో భయానికి గుర్తులని పశువైద్యులు చెబుతారు.

అయితే అరవడు. పండుగకు వచ్చిన బంధువులు, "మీ కుక్క ఎంత బుద్ధిమంతురాలండీ, ఇంత గోలలోనూ కిక్కురుమనలేదు" అని మెచ్చుకుని వెళతారు. దాక్కున్నవాడి బాధ కనిపించదు, కనిపించనిది లేదనే అనుకుంటారు.

మనిషి చెవికి దాదాపు 20,000 హెర్ట్జ్‌ల వరకు ధ్వని వినబడుతుంది. కుక్కకు 45,000 దాకా, పిల్లికి 60,000కు పైబడి వినబడుతుంది. మనం వినలేని ఈలలూ కీచుమనే ధ్వనులూ వాటి చెవిన పడతాయన్నమాట. నాలుగు పండుగలు గడిస్తే అలవాటవుతుందిలే అనుకునేవారున్నారు. చాలా కుక్కల విషయంలో జరిగేది దానికి విరుద్ధం. ఏటికేడు భయం ముదిరి, చివరికి ఉరుముకూ, వంటింట్లో పళ్ళెం జారిన చప్పుడుకూ కూడా వణకసాగుతాయి. దగ్గరకు తీసి నిమిరితే భయాన్ని మెచ్చుకున్నట్టవుతుందనే పాత నమ్మకం ఒకటి ఉండేది. ఇప్పుడు పశువైద్యులు దానిని అంగీకరించరు. భయం బహుమతి ఇస్తే పెరిగేది కాదు. పక్కన కూర్చుంటే కొంత తగ్గవచ్చు కూడా. ఇది ముద్దుచేయడం వల్ల వచ్చిన గారాబం కాదు, వైద్యం అవసరమైన స్థితి అని గుర్తించబట్టే 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుక్కల శబ్దభయం కోసమే ఒక మందును ఆమోదించింది. మనుషుల నిద్రమాత్రలో సగం విరిచి పెట్టేవారిని చూశాను. అది ప్రమాదం. పశువైద్యుణ్ణి అడగకుండా ఏ మందూ వేయరాదు.

భీముడికైనా మంచం ఉంది, మూల ఉంది, మూసుకునే తలుపుంది. మా అపార్టుమెంటు సెల్లారును నమ్ముకున్న గోధుమరంగు ఆడకుక్కకు అవేవీ లేవు. వాచ్‌మన్ భార్య పెట్టే గంజి అన్నంతో బతికేది. ఒక దీపావళి రాత్రి ఎవరో సెల్లారు ర్యాంపు మీద వరుసగా నాలుగు బాంబులు పేల్చారు. దానిని ఉద్దేశించి చేసిన పని కాదు. అది తన ముగ్గురు పిల్లలనూ వదిలి రోడ్డు మీదికి పరుగెత్తింది, మళ్ళీ రాలేదు. వీధికుక్కలకు సరిహద్దులుంటాయి. తన వీధి దాటిన కుక్కను పరాయి వీధి కుక్కలు నిలవనీయవు. దారి తప్పిందో, ఏ బండి కిందైనా పడిందో తెలియదు. పిల్లలు మూడు రోజులు ఏడ్చాయి. వాచ్‌మన్ భార్య దూదితో పాలు పిండింది. ఒక్కటే బతికింది.

మూడో అంతస్తులో ఒక మాస్టారున్నారు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. గుండెకు శస్త్రచికిత్స అయింది. నాడు ఆయనతో ఈ మాట కదిపితే ఆయన చెప్పిన సమాధానం నన్ను ఆలోచనలో పడవేసింది. "చప్పుడుకేముందండీ, వినేసి ఊరుకోవచ్చు. తరువాతిది ఎప్పుడు పేలుతుందా అని కాచుకుని ఉండటమే కష్టం" అన్నారు.

ఒత్తి ముట్టించినవాడికి చప్పుడు ఎప్పుడు వస్తుందో తెలుసు. రెండడుగులు వెనక్కి వేస్తాడు, చెవులు మూసుకుంటాడు, ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఆ కొద్ది క్షణాల నిరీక్షణే అతని ఆనందం. అదే ధ్వని గోడకవతల మరొకరికి, ఎక్కడినుండో ఎందుకో తెలియకుండా, నడినెత్తిన పడుతుంది. చప్పుడు ఒకటే. అగ్గిపెట్టె ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. కుక్కకూ, ఉయ్యాలలోని పసికందుకూ, ఆకస్మిక ధ్వనులను భరించలేని ఆటిజం ఉన్న పిల్లవాడికీ, మాస్టారికీ అగ్గిపెట్టె లేదు. ఇక పొగ సంగతి సరేసరి. ఉబ్బసం ఉన్నవారికి మరునాటి ఉదయం దాకా పండుగ ముగియదు. హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా ఆ రాత్రి కంటిగాయాలతో పిల్లలూ పెద్దలూ వస్తూనే ఉంటారు. కాల్చినవారే కాక, పక్కన నిలబడి చూసినవారూ ఉంటారు వారిలో.

చట్టం లేదా అంటే ఉంది. పేలిన చోటినుండి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళు మించి మోగే టపాకాయలను తయారు చేయరాదని, అమ్మరాదని, కాల్చరాదని 1999లోనే నిబంధన వచ్చింది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు విధించిన పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. డెసిబెళ్ళ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. పది పెరిగినప్పుడల్లా ధ్వని తీవ్రత పదింతలవుతుంది. ఆ లెక్కన 55కూ 125కూ మధ్య అంతరం కోటి రెట్లు.

2005 జులై 18న సర్వోన్నత న్యాయస్థానం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు టపాకాయలు కాల్చరాదని తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యానికి తక్షణ కారణం టపాకాయలు కావు. ఒక 13 ఏళ్ళ బాలిక అత్యాచారానికి గురవుతూ రక్షించమని వేసిన కేకలు ఇరుగుపొరుగున మోగుతున్న లౌడ్‌స్పీకర్ల హోరులో ఎవరికీ వినబడలేదు. ఆ తీర్పు మొదట్లోనే ఈ సంగతి ఉంది. చెవులకు నొప్పి కలిగించడంతో హోరు చేసే హాని ముగియదు. పక్కింట్లోని మొరను కూడా మనకు వినబడనీయదు.

2018 అక్టోబరు 23న అదే న్యాయస్థానం దీపావళికి రాత్రి ఎనిమిది నుంచి పది వరకు మాత్రమే అనుమతించి, బేరియం లవణాలనూ, జడలుగా కూర్చిన వాలాలనూ నిషేధించింది. తెల్లవారుజామున కాల్చే ఆచారం ఉన్న తమిళనాడుకు వేళ మార్చుకునే వీలు ఇచ్చింది గాని రెండు గంటల హద్దును మాత్రం సడలించలేదు. తరువాత హరిత టపాకాయలు వచ్చాయి. వాటివలన పొగ, ధూళి కొంత తగ్గుతాయి. చప్పుడు విషయంలో మాత్రం వాటికీ హద్దు ఆ 125 డెసిబెళ్ళే. మంచం కింద ఉన్నవాడికి హరితమేమిటో తెలియదు.

ఇవన్నీ చెప్పినప్పుడు నాకు ఎదురైన వాదనలు రెండు. మొదటిది రెండో అంతస్తు కుర్రవాడిది. "ఏడాదికి ఒక్కరోజే కదా అంకుల్, ఓర్చుకోలేరా?" తప్పుపట్టదగిన మాట కాదు. పండుగంటే నాకూ ఇష్టమే. కాని ఒక్కరోజేనా? ముందు వారం, తరువాతి వారం, పెళ్ళి ఊరేగింపు, ఎన్నికల గెలుపు, క్రికెట్ గెలుపు, వినాయక నిమజ్జనం. రెండో వాదన, మన పండుగే కనిపించిందా, డిసెంబరు 31 కనిపించలేదా అన్నది. కనిపించింది. 2010 డిసెంబరు 31 రాత్రి అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రపు బీబీ పట్టణంలో నూతన సంవత్సరపు బాణసంచాకు బెదిరి, గూళ్ళు విడిచిన నల్లపిట్టలు చీకట్లో కళ్ళు కనబడక ఇళ్ళకూ చెట్లకూ కొట్టుకుని వేల సంఖ్యలో రాలిపడ్డాయి. ఏ మతం వారి క్యాలెండరూ పిట్టలకు తెలియదు. పండుగ ఎవరిదైనా వాటిపై పడే దెబ్బ ఒకటే.

పండుగను విడువకుండానే చప్పుడు విడిచినవారున్నారు. తమిళనాడులో శివగంగ జిల్లా వేట్టంగుడి పక్షి అభయారణ్యం ఒడ్డున కొల్లుకుడిపట్టి అనే గ్రామం ఉంది. దీపావళి నాటికి అక్కడి చెరువులకు వలస పక్షులు వచ్చి చేరుతాయి. వాటికోసం ఆ ఊరివారు దశాబ్దాలుగా దీపావళికి టపాకాయలు కాల్చడం లేదు. అటవీశాఖ వారు వచ్చి ఊరివారికి మిఠాయిలు పంచుతారు. బాణసంచాకు దేశమంతటా పేరుపడ్డ శివకాశి ఉన్న రాష్ట్రంలోనే ఈ ఊరూ ఉంది. శివకాశి కార్మికుల బతుకుతెరువు సంగతి మరచి మాట్లాడడం నాకూ ఇష్టం లేదు. మతాబు, చిచ్చుబుడ్డి కూడా అక్కడ తయారయ్యేవే కదా.

మేము కొల్లుకుడిపట్టి వాసులమంతటి వారం కాము. మాస్టారి మాటను పట్టుకుని మా అపార్టుమెంటులో చేసినది చిన్న పని. మానమని ఎవరినీ అడగలేదు, ఎప్పుడో చెప్పమని అడిగాము. లిఫ్టులో ఒక కాగితం అంటించాము. చప్పుడు చేసేవి రాత్రి ఎనిమిది నుంచి పది వరకు, గేటు బయటి ఖాళీ స్థలంలో మాత్రమే. మిగిలిన వేళల్లో వెలుగులు ఎన్నైనా. ఆ కాగితం రాసినవాడు "ఒక్కరోజే కదా" అన్న కుర్రవాడే. మాస్టారి మాట చెప్పినప్పుడు కొంచెం సేపు మౌనంగా ఉండి, "అలా ఎప్పుడూ ఆలోచించలేదంకుల్" అన్నాడు. అక్షరాలు కూడా గుండ్రంగా బాగా రాశాడు.

అందరూ పాటించారని చెప్పను. పది దాటాక కూడా నలభై నిముషాల పాటు చప్పుళ్ళు వినబడుతూనే ఉన్నాయి. పక్క వీధికి మా కాగితంతో పని లేదు. భీముడు ఎప్పటిలాగే మంచం కిందికి చేరాడు. కాకపోతే ఆరు గంటలకే బయట తిప్పి తెచ్చి, తిండి పెట్టి, కిటికీలు మూసి, ఫ్యాను పెట్టి, మూలన పాత దుప్పటి పరచి ఉంచగలిగాము. ఎప్పుడు మొదలవుతుందో తెలియడం వలన కలిగిన వెసులుబాటు అది. వాచ్‌మన్ భార్య ఎనిమిది కాకమునుపే, బతికిన ఆ ఒక్క కుక్కపిల్లను, ఇప్పుడది పెద్దదైంది, మోటారు గదిలో పెట్టి గడియ వేసింది. మాస్టారు వెనక గదిలో చెవుల్లో దూది పెట్టుకుని ఆ రెండు గంటలూ లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారట. "పది వరకేనని తెలిస్తే కాచుకోవడం ఉండదు, గడపడమే ఉంటుంది" అన్నారు మరునాడు.

మంచం కిందనున్నవారికి కాగితం చదవడం రాదు. వారి తరఫున చదవగలిగినవారు ఇంటికొకరు ఉంటే చాలుననిపిస్తుంది. ఈసారి పండుగకు నాలుగు రోజుల ముందు మీ మెట్లమీద ఎదురైన పొరుగువారిని, "మీరు ఏ వేళకు కాలుస్తారండీ?" అని అడిగి చూడండి. కోపగించుకునేవారు తక్కువ. చాలామంది ఆ ప్రశ్న తమను ఎవరూ ఎన్నడూ అడగలేదనే అంటారు.