బాయి నుంచి బోటు దాకా

మన సినిమాల్లో పడవకున్న గ్లామరు అంతా ఇంతా కాదు! 1964లో ‘మూగమనసులు’లో అక్కినేని తెడ్డు పడితే జనమంతా ఆయనతోపాటు గోదావరి దాటేశారు. 1973లో బాపుగారు ‘అందాల రాముడు’ అంటూ మనల్ని లాంచీ ఎక్కించారు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ పేరుతో మళ్లీ అదే నది మీదికి తీసుకెళ్లారు. అందుకేనేమో, నీళ్లు కనిపిస్తే చాలు, మన కుర్రకారు మనసు పడవ మీదికి పోతుంది. ఎక్కండి, ఎవరొద్దన్నారు? కాకపోతే ఎక్కేముందు మా రామకృష్ణాపూర్ వాళ్ల ప్రయాణం కబురు కాస్త వినండి.

రామకృష్ణాపూర్ అంటే మంచిర్యాల పక్కనున్న సింగరేణి ఊరు. మేం ఆర్కేపీ అంటాం. ఇక్కడ బొగ్గుగనిని గని అనరు, బాయి అంటారు. ఆ మధ్య మా వాడకట్టు కుర్రాళ్లు ఏడుగురు హైదరాబాద్ ప్రయాణం కట్టారు. కొత్త సినిమా చూడాలి, ట్యాంక్‌బండ్ మీద తిరగాలి, హుస్సేన్‌సాగర్‌లో బోటెక్కాలి... ఇదీ ప్రోగ్రాం! నేనూ వాళ్లతో తగులుకున్నాను. మాకు తోడుగా కాక ఒకాయన వచ్చాడు. బాయిలో సర్దార్‌గా పనిచేసి రిటైరైన మనిషి. మొత్తం తొమ్మిదిమందిమి.

మంచిర్యాలలో రైలు కదిలిన కాసేపటికే గోదావరి వంతెన వచ్చింది. కుర్రాళ్లు చిల్లర పైసలు విసిరి దండం పెట్టారు. కాక నవ్వలేదు.

“దండం పెట్టుడు మంచిదే. భయం సుత ఉండాలె బిడ్డా” అన్నాడు.

ఆయన మాట ఊరికే వచ్చింది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. బొగ్గు తవ్వే చోట కూడా నీరు అంత పని చేయగలదన్నమాట! అందుకే బాయిలో పద్ధతులు గట్టిగా ఉంటాయి. దిగే ప్రతి మనిషి పేరూ రాసుకుంటారు. నెత్తికి టోపీ, దానికో ల్యాంపు. షిఫ్టు అయిపోయాక ఒక ల్యాంపు తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. వెంటనే వెతుకుతారు.

కాజీపేట వచ్చేసరికి ఇంకో సంగతి మాటల్లోకి వచ్చింది. ఈ స్టేషన్‌కు దగ్గర్లోనే కడిపికొండ ఉంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన పాపికొండల బోటు మీకు గుర్తుండే ఉంటుంది. అందులో కడిపికొండ వాళ్లూ ఉన్నారు. గోదావరి వరదలో ఉన్నరోజున ఆ బోటు బయలుదేరింది. 77 మందిలో బతికి బయటపడింది 26 మందే. బోటులో ఎంతమంది ఉన్నారన్నది మొదట ఒక అంకె, తరువాత మరో అంకె చెప్పుకోవలసి వచ్చింది.

“బాయిల అయితే అట్ల నడువది” అన్నాడు కాక. అంతే, మరి మాట్లాడలేదు.

భువనగిరికి ముందు రాయగిరి. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చెక్కిన రాయి ఇక్కడిదే. సుమారు 58 అడుగుల ఆ విగ్రహాన్ని 1990 మార్చి 10న పంటు మీద చెరువు మధ్యకు తీసుకెళ్తుంటే బరువు ఒరిగి విగ్రహం నీటిపాలైంది. మనుషుల ప్రాణాలూ పోయాయి. బుద్ధుణ్ణి మళ్లీ పైకి తీసి నిలబెట్టడం 1992 డిసెంబర్ 1కి గానీ కుదరలేదు.

సాయంత్రానికి లుంబినీ పార్కు చేరాం. జనమే జనం! పిల్లలు, కొత్త జంటలు, కాలేజీ బ్యాచీలు. బోటు దగ్గర జాకెట్లు ఇచ్చారు. మావాళ్లు వాటిని చంకలో పెట్టుకున్నారు.

“అన్నా, గిది ఏస్కుంటే ఫొటో ఖరాబయితది” అన్నాడొకడు నాతో.

“టోపీ లేకుంట నిన్ను బాయిల దిగనిస్తరారా?” అని కాక తనే వాడి బెల్టులు బిగించాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. జాకెట్ చెవుల దాకా లేచింది. అంటే వదులుగా ఉందన్నమాట! నీళ్లలో అలాంటి జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారతాడు. మళ్లీ బిగించాడు. ఆపైన “ఒకటి, రెండు...” అంటూ మమ్మల్ని లెక్కపెట్టాడు.

బుద్ధుడు దగ్గరవుతుంటే ఫోన్లు బయటికొచ్చాయి. అరడజను మంది ఒక్కసారిగా లేచి ఒకే పక్కకు ఉరికారు. బోటు అటు వాలింది. నా గుండె గుభేలుమంది!

“కూసోండ్రా!” సర్దార్ గొంతు అది. ఎవరి చోట్లో వాళ్లు కూలబడ్డారు.

దీనికి పెద్ద సైన్సు అక్కర్లేదు. కూర్చుంటే బరువు కింద ఉంటుంది, నిలబడితే పైకొస్తుంది. అందరూ ఒక అంచుకు చేరితే ఆ అంచు దిగి నీళ్లు లోపలికొస్తాయి. వచ్చిన నీళ్లు కూడా అటే పారి ఇంకా ఒరగదోస్తాయి. ఆ తరువాత సర్దుకునే వ్యవధి ఉండదు.

తిరుగు బోటు దగ్గర కాక మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిది! ఒకడు విగ్రహం వెనక ఇంకా ఫొటోలు తీసుకుంటున్నాడు. వాణ్ణి పిలుచుకొచ్చేదాకా కాక బోటెక్కలేదు. ఆ లెక్క లేకపోతే రేవుకొచ్చాక “వాడేడిరా?” అని ఎవర్ని అడగాలి? నీటి వైపు చూడాలా, గట్టు వైపు చూడాలా?

ఈ సాగర్‌లోనే 2025 జనవరి 26 రాత్రి బాణసంచా కాలుస్తుండగా బోట్లు అంటుకుని ప్రాణాలు పోయాయి. బాయిలోకి అగ్గిపెట్టె కూడా పట్టుకుపోనివ్వరు. చుట్టూ నీళ్లున్నాయి గదా అని బోటులో నిప్పుతో ఆటలాడితే, పారిపోవడానికి ఆ నీళ్లు తప్ప మరో దారి ఉండదు.

“నాకు ఈతొచ్చు, జాకెట్ ఎందుకూ?” అనే వీరులూ ఉంటారు. తలకు దెబ్బ తగిలితే, పక్కవాడు మెడ పట్టుకుని వేలాడితే ఈత ఏం చేస్తుంది? ఎవరైనా పడిపోతే వెంటనే దూకకండి. తాడో, చున్నీయో, కండువాయో అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసిరినా పట్టుకుని తేలతాడు. సినిమాలో హీరో దూకితే ఒడ్డున ఈతగాళ్లుంటారు, డూపులుంటారు. మీ వెనక ఎవరున్నారు?

మన సింగరేణి వైపు కుర్రాళ్లకు కరీంనగర్ మానేరు డ్యాం ఉంది, ములుగు దగ్గర లక్నవరం ఉంది. సెలవొస్తే అక్కడికే గదా పరుగు! వెళ్లండి, హాయిగా తిరగండి. జాకెట్ బెల్టు బిగించాక ఫొటో తీసుకోండి, అందంగానే వస్తుంది. మనుషులు ఎక్కువైతే “తరువాతి బోటుకు వస్తాం” అనండి. గాలి లేస్తే ఒడ్డునే చాయ్ తాగండి. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి మీ బ్యాచీలో ఒకరు అందర్నీ లెక్కపెట్టండి. ఇంటి దగ్గర అమ్మ కూడా లెక్క పెట్టుకునే కూర్చుంటుంది మరి!